వెనక ఫిరంగి మనిషి

మొన్న ఆదివారం మా మనవడి కూతురు థర్మాకోల్‌తో ఒక ఓడ చేసుకొచ్చి నా మంచం మీద పెట్టింది. స్కూల్లో ప్రదర్శన ఉందట. ఓడ ఒళ్లంతా బూడిద రంగు పూసింది, పైన రాడార్లని చెప్పి బాటిల్ మూతలు అంటించింది, ముందు భాగంలో ఒకే ఒక్క ఫిరంగి పెట్టింది. "ఇదేందే?" అన్నాను. "గైడెడ్ మిసైల్ క్రూజర్ అవ్వా. నీకు తెలీదులే," అంది. ఆ "నీకు తెలీదులే" అన్న మాట నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. తొంభైకి దగ్గరపడ్డ మనిషికి ఏం తెలుస్తుందిలే అని ఈ ఇంట్లో అందరికీ ఒక అభిప్రాయం. కళ్లజోడు పెట్టుకుని ఓడను అటూ ఇటూ తిప్పి చూశాను. వెనక భాగం చదునుగా, ఖాళీగా ఉంది. "ఈడ నాలుగు ఫిరంగులు ఉండల్ల గదా, యాడ పోయినాయి?" అని అడిగాను. పిల్ల తెల్లబోయింది. "అవి పాత ఓడలకి ఉండేవంట. ఇప్పుడు అక్కర్లేదు. అది హెలికాప్టర్ దిగే చోటు," అంది. "మరి ఆ ఫిరంగుల కాడ కూర్చున్న మనుషులు ఏమైనారు?" అన్నాను. అది దాని పాఠంలో లేదట. నా పాఠంలో ఉంది.

నన్ను ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ఇచ్చారు. ఆదోనిలో మా నాయన ఒక జిన్నింగ్ మిల్లులో ఇంజన్ మేస్త్రీ. పత్తిలోంచి గింజను వేరు చేసే మిషన్లన్నిటినీ తిప్పే పెద్ద ఆయిల్ ఇంజన్ ఆయన చేతిలో ఉండేది. ఎమ్మిగనూరులో మా అత్తగారిది మగ్గం ఇల్లు. ఆదోని దూది ఎక్కడెక్కడో తిరిగి నూలై ఎమ్మిగనూరు చేరేది, నేను మాత్రం తిన్నగా బస్సులో చేరాను. ఆ ఇంట్లో ఎనిమిదో తరగతి దాకా చదివింది నేనొక్కదాన్నే. మా ఆయన చదువు సంతకం దగ్గర ఆగిపోయింది, మా అత్తది వేలిముద్ర దగ్గర. అందుకని కాపురానికి వచ్చిన మూడో రోజే మా అత్త ఒక రేకు డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నిండా ఉత్తరాలు. "సదువమ్మే. మా సిన్నోడు రాసినాడు. ఆ పోస్టాయప్ప సదివితే సగం మింగుతాడు," అంది. అలా మా మరిది మొహం చూడకముందే ఆయన మాటలు నా నోట్లోకి వచ్చాయి. సగం మింగకుండా చదవాలని ఆ రోజే నేను ఒట్టు పెట్టుకున్నాను.

మా మరిది నేవీలో ఉండేవాడు. ఒక కరువు ఏడాది నూలు దొరక్క, మగ్గం గుంతలో ఊరికే కాళ్లు పెట్టుకుని కూర్చోలేక, చెప్పాపెట్టకుండా ఆదోనిలో రైలెక్కి బొంబాయి పోయి చేరాడు. మా వైపు నీళ్లంటే బావి, వాన పడితే వంక, అంతే. తుంగభద్ర కాలువకు మొదటిసారి నీళ్లు వదిలినప్పుడు జనం బండ్లు కట్టుకుని పోయి కొబ్బరికాయలు కొట్టి, ఆ నీళ్లు నెత్తిన చల్లుకుని వచ్చారు. మా అత్త కూడా చూసొచ్చి, "సముద్రం ఆ కాలవ కన్నా ఎంత పెద్దగుంటాది?" అని నా చేత రాయించింది. "ఈ గట్టు ఉంటుంది, ఆ గట్టు ఉండదు," అని జవాబొచ్చింది. ఆమెకు నమ్మకం కుదరలేదు. అవతలి గట్టు కట్టకుండా ఏ దేవుడైనా నీళ్లు వదులుతాడా అని వారం రోజులు సణిగింది.

ఆయన పనిచేసే ఓడను క్రూజర్ అనేవారు. మన ప్రభుత్వం ఇంగ్లీషు వాళ్ల దగ్గర కొన్న పాత ఓడ. పాతదంటే మా మరిదికి కోపం వచ్చేది, యుద్ధం చేసిన ఓడ అనాలట. దాని మీద ఎనిమిది పెద్ద ఫిరంగులు, ముందు నాలుగు, వెనక నాలుగు, జంటలు జంటలుగా ఉక్కు గదుల్లో ఉండేవి. ఆ గదులు గిర్రున తిరుగుతాయి. వెనక గదుల్లో ఒకదానిలో మా మరిది పని. "ఆదోని కొండ మీద మా ఓడను పెట్టి కాలిస్తే గుండు మన ఎమ్మిగనూరు పొలిమేరలో పడుతుంది," అని ఒకసారి రాశాడు. "కొండ మీదికి ఓడను ఎవుడు మోస్తాడు, వాని తలకాయ!" అని మా అత్త నవ్వింది కానీ, ఆ మాట మాత్రం వీధంతా చెప్పుకొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం మొదట్లో, ఇంగ్లీషు వాళ్ల చేతిలో ఉన్నప్పుడు, దీనికి ఒక జర్మనీ ఓడ ఎదురైందట. దాని గుండ్ల ముందు వీళ్ల గుండ్లు చిన్నపిల్లలు. అయినా ఇదీ, దీని తోడు ఇంకో రెండు ఓడలూ వెనక్కి తిరగకుండా తలా ఒక పక్కనుంచి మీద పడ్డాయట. దెబ్బలు తిన్నాయి, మనుషులు పోయారు. కానీ చివరికి రేవులో దూరి దాక్కున్నది ఆ పెద్ద ఓడేనట. ఈ ఉత్తరం చదివిన రోజు నుంచి మా అత్త నడకే మారిపోయింది. నూలు అమ్మే షాపతను తూకం తగ్గించి పైగా గదమాయిస్తే, "మా ఓడే ఎవునికీ బెదర్లే, నేను నీకు బెదర్తానా?" అని అతని తక్కెడ పట్టుకుంది. ఆ ఓడకూ ఈ తక్కెడకూ ఏం సంబంధమో అతనికి అర్థం కాలేదు, నూలు మాత్రం సరిగ్గా తూచాడు.

ఒక ఉత్తరంలో మా మరిది దూది అడిగాడు. ఫిరంగి పేలినప్పుడు చెవులు దిమ్మెక్కిపోతున్నాయని, అక్కడ ఇచ్చే దూది గరుకుగా ఉందని, మన ఆదోని దూది కొంచెం చిన్నచిన్నగా చుట్టి పంపమని. నేను మొత్తం చదివాను. కానీ మా అత్త పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ దూది చిన్నగా చుట్టడమంటే ఒకటే పని. మరుసటి రోజు తలస్నానం చేసి, మడికట్టుకుని, తూర్పుకు తిరిగి కూర్చుని నూటెనిమిది పువ్వొత్తులు చేసింది. కింద గుండ్రటి ఉండ, పైన సన్నటి తోక. ఉరుకుంద ఈరన్న స్వామిని తలుచుకుంటూ ఒక్కొక్కటే వెండి గిన్నెలో పెట్టింది. అవి దీపానికి కాదత్తా అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. కొత్త కోడలిని, పైగా ఆమె కళ్లలో నీళ్లు. ఊరుకున్నాను. పార్సిల్ మీద అడ్రసు మాత్రం నేనే రాశాను.

జవాబు ఎంత సంతోషంగా వచ్చిందో! "అమ్మా, నీ వత్తులు చెవికి కొలిచి చేసినట్టు కుదిరాయి. ఉండ లోపల ఇముడుతుంది, తోక పట్టుకుని లాగితే బయటికొస్తుంది. మా గదిలో పంజాబీ వాళ్లతో సహా అందరూ ఇవే కావాలంటున్నారు." నేను చదవడం ఆపేసరికి మా అత్త మొహం మాడిపోయి ఉంది. మడితో చేసిన దేవుడి వత్తులు, గులిమి చెవుల్లోనా! రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, నేనేదో పంజాబీ వాళ్ల చెవుల్లో స్వయంగా పెట్టొచ్చినట్టు. మూడో రోజు పొద్దున్నే మళ్లీ తూర్పుకు తిరిగి కూర్చుంది. "దీపంలో ఏసినా కాలి మసే అయితాది. సెవిలో పెట్టుకుంటే నా కొడుక్కి పనికొస్తాది. సామికి నేను సెప్పుకుంటాలే," అంది. ఆ తర్వాత నెలనెలా ఒక డబ్బా పోయేది. చిక్కు ఒక్కటే. ఆ గదిలో పైనుంచి వచ్చే ఆర్డర్లు విని మిగతావాళ్లకు చెప్పే పని మా మరిదిది. రెండు చెవులూ మూసుకుంటే ఆర్డరు వినపడదు. కాబట్టి ఎడమ చెవికి వత్తి పెట్టుకుని, కుడి చెవిని ఫిరంగికి వదిలేశాడు.

యాభైల చివర్లో ఒక మధ్యాహ్నం మా మరిది రేకు ట్రంకు మోసుకుని ఇంటికొచ్చాడు. కుడి చెవి పూర్తిగా పోయింది. మా అత్త వత్తి పెట్టిన ఎడమ చెవి సగం మిగిలింది, గట్టిగా అరిస్తే అందుతుంది. అక్కడి డాక్టర్లు ఇక పనికిరాడని పంపేశారు. మనిషి దిగులుగా ఉంటాడనుకున్నాం. గట్టి గొంతుతో ఓడ కబుర్లు మొదలుపెట్టాడు, ఇల్లంతా అదిరిపోయేలా. సాయంత్రానికి వీధిలో వాళ్లంతా మగ్గం చుట్టూ చేరారు.

"ఒక రేవులో మా పక్కనే ఒక పరాయి ఓడ వచ్చి నిలబడింది వొదినా," అన్నాడు నన్ను చూసి, ఉత్తరాల్లో అలవాటైన మనిషిని కదా. "మాదానికి అక్క అనుకో. ముందర ఫిరంగులు అట్లే ఉండాయి. ఎనక తట్టు సూస్తే నా గది ల్యా. పీకి పారేసినారు. ఆడ ఇనుప సేతులు నిలబెట్టి, వాటికి తెల్లగా రాకెట్లు తగిలించినారు." గైడెడ్ మిసైల్ అన్న మాట నేను మొదటిసారి విన్నది ఆ మగ్గం దగ్గరే. "మేము కాల్చేది సెవిటి గుండు. వదిలినాక మన మాట ఇనదు. ఇమానం పక్కకి తిరిగిందంటే పోయి నీళ్లల్ల పడ్తాది. దీనికి సెవులుండాయి. ఓడ మీద రాడారు ఇమానానికి గురి పెట్టి ఒక కిరణం పట్టుకుంటాది. ఇది ఆ కిరణం ఎంబడే పోతాది. ఇమానం మల్లితే కిరణం మల్లుతాది, కిరణం మల్లితే ఇదీ మల్లుతాది."

ఎదురింటి చిల్లర కొట్టాయన తొడ చరిచి నవ్వాడు. ఆకాశంలో మలుపు తిరిగే గుండట, దానికి చెవులట! సెవులు పోయినాక తలకాయ కూడా పోయినట్టుంది పాపం అని నాకు వినపడేలా అన్నాడు. అందరూ నవ్వారు. మా మరిదికి మాట వినపడలేదు, నవ్వు కనపడింది. అప్పుడు మా ఆయన లేచాడు. ఆయన మగ్గం మీదుంటే మాట్లాడడు, దిగితే అసలే మాట్లాడడు. ఒక గట్టి దారం తీసి ఒక కొస తమ్ముడి చేతికిచ్చి, నూలు చుట్టే బోలు గొట్టం, ఖాళీ కండెను దానికి ఎక్కించి, రెండో కొస పట్టుకుని గది అవతలికి పోయాడు. "తొయ్యి," అన్నాడు. కండె దారం మీద జారింది. అది దారిలో ఉండగానే మా ఆయన పక్కకు నడిచాడు. దారం పక్కకు పోయింది, కండె కూడా దాంతోపాటే మళ్లి తిన్నగా పోయి ఆయన చేతికి తగిలింది. "ఇట్లనా?" అన్నాడు. మా మరిది కళ్లు తుడుచుకున్నాడు. కొట్టాయన నవ్వు ఆగిపోయింది. మా ఆయన తమ్ముడి ఎడమ చెవి దగ్గరికొచ్చి అడిగాడు, "దారం ఎవురు పట్టుకుంటారు?"

"మనిషే పట్టుకోవల్లన్నా. పట్టేటోడు ల్యాకపోతే అది ఉత్త ఇనుమే."

కొట్టాయన ఊరుకునే రకం కాదు. ముందుకొచ్చి చేతులు తిప్పుతూ, "అయితే మీ ఫిరంగోళ్ల పని అయిపోయినట్టే గదప్పా?" అని అరిచాడు. ఇది వినపడింది. "ఫిరంగి పని అయిపోయింది," అన్నాడు మా మరిది. "నా పని కాలే."

పని అయితే కావాలి. ఒక మగ్గం మీద రెండు సంసారాలు నడవవు. ఆదోనిలో మా నాయనకు దగ్గరి చూపు మందగించింది, తన చోట మా మరిదిని పెట్టుకోమని ఆయన మిల్లు సావుకారును అడిగాడు. చెవిటివాణ్ని ఇంజన్ దగ్గర పెడితే ఊరు నవ్వుతుందని జవాబొచ్చింది. మా అత్త ఆ మాట విని అన్నం ముందునుంచి లేచింది. "నా కొడుకు సెవులు ఊరికే పారేసుకోలే, దేశానికిచ్చినాడు. నువ్వు సదువుకున్నదానివి, నువ్వు పోయి అడుగు," అని నన్ను బస్సెక్కించింది. అప్పట్లో కోడలు మరిదితో కలిసి మిల్లుకు పోయి సావుకారును నిలదీయడం మా వీధిలో కొత్త. కొట్టాయనకు నెల రోజుల కబురు దొరికింది.

సావుకారు చెడ్డవాడు కాదు, అది నా కోపాన్ని ఇంకా పెంచింది. మర్యాదగా మాట్లాడాడు. "ఏమ్మా, మేస్త్రీ కూతురివి, నీకు తెలీనిదా? ఇంజన్ కాడ సెవులే గదా పని. బేరింగు అరిస్తే ఇనపడల్ల. ఇనపడకపోతే అది కాగి నిప్పు రాలుతాది, ఈడంతా దూది. నా మిల్లు, లోపల యాభై మంది ఆడోళ్లు, ఎవురు జవాబు?" అన్నాడు. అందులో తప్పేం లేదు. తర్వాత అన్నదే తప్పు. "ఓడోళ్లే వద్దని పారేసినోన్ని నేను ఏరుకోవల్లనా?" మా మరిది నా మొహం వైపు చూశాడు. "ఏమంటాండాడు వొదినా?" నాకు పోస్టాయప్ప గుర్తొచ్చాడు. ఆయన ఎందుకు సగం మింగేవాడో ఆ క్షణం నాకు అర్థమైంది. అయినా నేను మింగలేదు. ఎడమ చెవిలో ప్రతి మాటా అరిచి చెప్పాను, పారేసినోడు, ఏరుకోవడం, అన్నీ. మా మరిది తల ఊపి, చెప్పులు విప్పి, "లోపల్కి పోయి సూద్దాం రా సావుకారూ," అని తనే ముందు నడిచాడు.

మిల్లు లోపల సంగతి నాకు పసితనం నుంచీ తెలుసు. అక్కడ చెవులున్నా ఒకటే, లేకున్నా ఒకటే. వరసగా మిషన్లు, వాటికి పత్తి అందించే ఆడవాళ్లు, నెత్తి మీద ఈ కొసనుంచి ఆ కొసకు తిరిగే పొడుగాటి ఇనుప షాఫ్టు. ఆ మోతలో అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. నీళ్లు కావాలన్నా, బిడ్డ ఏడుస్తోందన్నా, సావుకారు వస్తున్నాడన్నా ఒక్కోదానికి ఒక్కో సైగ. సావుకారు నోరు తెరిచి ఏదో చెబుతున్నాడు, ఆయన మాట ఆయనకే వినపడటం లేదు. మా మరిది షాఫ్టును మోసే స్తంభాల మీద ఒక్కొక్కదానికీ అరచెయ్యి ఆనించుకుంటూ నడిచాడు. కుడి చెవి పోయాక ఓడలో ఫిరంగి గది సరిగ్గా తిరుగుతోందో లేదో గోడకు చెయ్యి పెట్టి చెప్పేవాడట. ఏడో స్తంభం దగ్గర ఆగాడు. రెండో చెయ్యి కూడా పెట్టాడు. దవడ ఆనించాడు. వెనక్కి తిరిగి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

అది ఓడ సైగ. మిల్లులో ఎవరికీ తెలియదు. ఆడవాళ్లు వింతగా చూసి పత్తి అందిస్తూనే ఉన్నారు. నేను నడుముకు కొంగు చుట్టి, పత్తి కుక్కిన ఒక బోరెం మీదికెక్కి, అరచెయ్యి నడినెత్తిన పెట్టుకున్నాను. మిల్లులో దాని అర్థం ఒకటే, ఆపండి. అన్ని చేతులూ ఒక్కసారి ఆగాయి. ఇంజన్ దగ్గర మా నాయన నా చెయ్యి చూసి, ఎందుకని అడక్కుండా బెల్టును షాఫ్టు చక్రం మీంచి పక్కనున్న ఖాళీ చక్రం మీదికి తోసేశాడు. షాఫ్టు నెమ్మదిగా నిలిచిపోయింది. అప్పటిదాకా ఎవరికీ వినపడని సావుకారు అరుపు ఆ నిశ్శబ్దంలో మిల్లంతా మోగింది: "ఎవుడురా మిల్లు ఆపింది!" మా నాయన నిచ్చెన వేసుకుని పైకెక్కి బేరింగు మూత విప్పాడు. నూనె పోసే రంధ్రంలో దూది నుసి ఇరుక్కుని గట్టిపడిపోయింది. లోపల ఇనుము నీలంగా మారింది. చుట్టూ పేరుకున్న దూది అప్పటికే గోధుమ రంగు తిరిగి, కమురు వాసన కొడుతోంది. ఇంకాసేపు తిరిగి ఉంటే ఏమయ్యేదో అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. సావుకారు నమ్మలేక నిచ్చెనెక్కి వేలు పెట్టి, చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు. "నాకు సెవులుండాయి సావుకారూ," అన్నాడు మా నాయన మెల్లగా. "నాకూ ఇనపల్యా."

సావుకారు నా వైపు చూడకుండా నాతోనే అన్నాడు, "రేపట్నించి రమ్మను." నేను అది కూడా అరిచి చెప్పాను. "రేపేంటికి?" అన్నాడు మా మరిది, చొక్కా చేతులు మడుస్తూ. "ఇది సల్లారనీ, ఇయాళ్నే బిగిచ్చి పోతా."

ఇరవై ఏళ్లకు పైగా ఆ ఇంజన్ ఆయన అరచేతి కింద నడిచింది. చేరిన నెలలోపే ఒక పని చేశాడు, మా అత్త చేత వత్తులు చేయించి మిల్లు ఆడవాళ్లందరి చెవులకూ పంచాడు. మొదట్లో చెవుల్లో దీపం పెట్టుకునే మిల్లు అని జనం ఎగతాళి చేశారు. ఆ వత్తులు పెట్టుకున్న ఆడవాళ్లు ముసలితనంలో కూడా మనవళ్లు గుసగుసలాడితే పట్టేసేవాళ్లు. ఓడను పాత ఇనుముగా తూకానికి అమ్మేశారన్న వార్త పేపర్లో వస్తే దాన్ని కూడా నేనే చదివి వినిపించాను.  ఆ రోజు ఆయన మిల్లుకు గంట ముందు పోయాడు.

ఇదంతా చెప్పేసరికి పిల్ల ఓడను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఇప్పుడు దారం కూడా అక్కర్లేదు అవ్వా. వదిలేసి మర్చిపోవచ్చు, అదే వెతుక్కుంటుంది," అంది. మర్చిపోవడం ఇంత సులువైపోయిందా అనుకున్నాను. దేవుడి పళ్లెంలోంచి దూది తెమ్మని, నాలుగు పువ్వొత్తులు చేసి, ఓడ వెనక ఖాళీ చోట అంటించమన్నాను. "టీచర్ మార్కులు తగ్గిస్తుంది," అంది పిల్ల. "తగ్గించనీ. ఎందుకని అడిగితే మాత్రం మొత్తం చెప్పి రా," అన్నాను. అంటించుకుని పోయింది. కాలం పాత గదుల్ని పీకి పారేసుకుంటూ ముందుకు పోతుంది, పోనీ. ఆ గదుల్లో ఎవరు కూర్చున్నారో చదివి వినిపించడానికి నేనింకా ఉన్నాను, సగం మింగే అలవాటు నాకు ఆనాడూ లేదు, ఈనాడూ లేదు.